నిశానీ

న్యూజిలాండు పడమటి ఒడ్డున, వాన ఆగిన రోజుని
పేరు పెట్టి గుర్తుంచుకునే హార్కర్స్ క్రీక్‌లో
మంగళవారం పదింటికి
బౌలింగ్ క్లబ్బు వెనక గది తెరుచుకుంటుంది.
పందొమ్మిది మందిమి. ఏడాది చందా ఇరవై డాలర్లు, బిస్కెట్లతో కలిపి.
రిజిస్టరు రాసేది నేను.

నోయెలీన్ తన ప్రింటర్‌ని
కారు ముందు సీట్లో బెల్టు పెట్టి తెచ్చింది.
కాగితం ఉంది, సిరా ఉంది, బుద్ధి లేదు,
అలాగే రాసుకోమంది. రాశాను.
డల్సీ అక్షరాలు పెద్దవి చేయబోయి
ఒక్కోదాన్ని తెరంత చేసుకుంది;
మనవరాలి ఉత్తరం నిన్న పొద్దుట మొదలుపెడితే
ఇంకా 'ప్రియమైన' దగ్గరే ఉందట.
ఆర్చీకి లాటరీ తగిలిందని మెయిలొచ్చింది. నమ్మలేదు.
కానీ రాసినవాళ్లకి జవాబివ్వకపోతే బాగోదని ఇచ్చాడు.
ఇప్పుడు వాళ్లు రోజూ క్షేమం అడుగుతున్నారు.

అందరికీ దిక్కు అయోనా మగ్లాషన్.
ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో
ఈ ఊరి మాటలన్నీ ఆమె చేతి తీగల్లోంచే నడిచాయి:
ఎవరికెంత అప్పు, ఎవరి కాన్పు ఎప్పుడు, ఎవరు ఎవరితో.
ఒక్క ముక్క పెదవి దాటలేదు.
అందుకే మా పాస్‌వర్డులు
మేం మరవకముందే ఆమె చెవిన వేస్తాం.

ఆ వారం సెల్విన్ ట్రెంబాత్ వచ్చాడు.
కొత్త ఫోను బల్లమీద, చచ్చిన పిట్టని పెట్టినట్టు పెట్టి
రెండడుగులు వెనక్కి జరిగాడు.
బ్యాంకు మూసేశారు. ఇకమీద పింఛను ఇందులోనే చూసుకోవాలట.
తెరవాలంటే వేలిముద్ర వేయమంటోంది.
"వేశాను. నువ్వెవరంది."

కుడి బొటనవేలు. కాదంది.
ఎడమది. కాదంది.
చూపుడువేలు చొక్కాకి తుడిచి, ఉఫ్ అని ఊది... కాదంది.
డల్సీ చేతికి రాసుకునే క్రీమిచ్చింది. అదీ అయింది.
అయోనా అతని చేతిని కిటికీ వెలుగులోకి తిప్పింది.
గీతలు లేవు.
నలభై రెండేళ్ల బొగ్గు, పార, తడిసిన ఇనప తాడు
వేళ్ల కొసల్ని అరగదీసి
ఏటి అడుగు రాళ్లలా నున్నగా వదిలిపెట్టాయి.

చదువు రానివాణ్ని వేలిముద్రగాడని నవ్విన కాలం ఉంది.
భూమి పొరల్ని పుస్తకంలా తిరగేసినవాడు ఇప్పుడు
వేలిముద్ర పడక గుమ్మం బయట నిలబడ్డాడు.

రేకు మీద వాన.
నంబరు పెట్టుకోవచ్చు కదా, అన్నాను, అనకుండా ఉండలేక.
"గనిలోనూ నంబరే," అన్నాడు.
"దిగేముందు ఇత్తడి బిళ్ల కొక్కేనికి తగిలించాలి. నూట పదిహేడు.
పొద్దుగూకినా బిళ్ల అక్కడే ఉంటే
నా కోసం నలుగురు కిందికి దిగేవాళ్లు.
ఇది ఎవర్ని దింపుతుంది?"

అప్పుడు అయోనా, "బూటు విప్పు."
"ఏంటీ?"
"నలభై రెండేళ్లూ పని చేయకుండా తిన్నది ఒకటుందిగా. విప్పు."

లేసులు విప్పాడు. ఉన్ని మేజోడు, మడమ దగ్గర చిరుగు.
బయటికొచ్చింది కాలి బొటనవేలు,
ఎండ ఎరగక, పసివాడిదిలా తెల్లగా,
గీత మీద గీత, గీత చుట్టూ గీత.
ఆర్చీ ఫోను పట్టుకుని మోకాళ్ల మీద కూచున్నాడు
(లేవడానికి తర్వాత ఇద్దరం పట్టాల్సి వచ్చింది).
ఆరుసార్లు ఆనించమంది. ఆనించాడు.
ఏడోసారి తెర వెలిగి, 'స్వాగతం, సెల్విన్' అంది.
"ఆఁ" అన్నాడతను,
పిలిస్తే పలికినట్టు.

తర్వాత నంబరూ పెట్టించుకున్నాడనుకోండి,
పాలకోసం క్యూలో నిలబడి మేజోడు విప్పలేనని.
ఏ నంబరో నేను రాయను. అయోనాకి తెలుసు.
అయినా మంగళవారం మంగళవారం, టీ మరిగేలోగా
ఒకసారి బూటు విప్పి చూసుకుంటాడు,
ఇంకా గుర్తుపడుతోందా అని.

రిజిస్టర్లో రాశాను:
సమస్య, బొటనవేలు. పరిష్కారం, బొటనవేలు.
నోయెలీన్ ప్రింటర్, వచ్చేవారం.